సగం మంది పిల్లలు బాగయ్యారన్న కాగితం నిజమేనా?

"మా బాబుకి నాలుగో ఏడు నడుస్తోంది. పేరు పెట్టి పిలిస్తే పలకడు. కావలసిన వస్తువు ఉంటే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు గాని నోరు విప్పి అడగడు. పరీక్షలు చేసి ఆటిజం అన్నారు. ఇక్కడి ఒక సెంటరువాళ్ళు ఏబీఏ అనే చికిత్స వారానికి నలభై గంటలు ఇప్పించాలంటున్నారు. దానివల్ల సగం మంది పిల్లలు మామూలు పిల్లలైపోయినట్లు పరిశోధనలో రుజువైందని ఇంగ్లీషు కాగితాల ఫైలొకటి చూపించారు. మా వారి జీతమంతా పెట్టినా ఆ ఫీజుకు చాలదు. నా గాజులు అమ్మేద్దామా అని ఉంది. ఆ కాగితాలు నిజమేనా? నిజమో కాదో మాలాంటివాళ్ళు తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా? నేను బి.కాం. చదివాను. - ఒక తల్లి, తెనాలి."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గాజుల సంగతి చివర మాట్లాడుకుందాం. మీరు అడిగిన ఆఖరి ప్రశ్న ఉన్నదే, దాన్ని నా పాతికేళ్ళ సర్వీసులో అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఏ మందు వాడాలి అని అడుగుతారు. ఎంత ఖర్చవుతుంది అని అడుగుతారు. 'ఇది నిజమని మీకెలా తెలుసు?' అని మాత్రం ఎవరూ అడగరు. అడగాలి. సెంటరువాళ్ళనే కాదు, డాక్టరునూ అడగాలి.

ఎందుకంటారా? నా తప్పే చెబుతాను. పదిహేనేళ్ళ క్రితం నేనొక చిన్న ఊళ్ళో పనిచేస్తున్న రోజుల్లో భార్యాభర్తలిద్దరు మూడేళ్ళ కొడుకును తీసుకొచ్చారు. పిల్లవాడికి మాటలు రాలేదు. ఓ.పి.లో వంద మంది నిలబడి ఉన్నారు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి. వాళ్ళ మేనమామకు ఐదేళ్ళకు వచ్చాయంటున్నారు కదా, కంగారుపడకండి" అని చెప్పి పంపించేశాను. రెండేళ్ళ తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చారు. పిల్లవాడు ఫ్యాను వంక చూస్తూ చేతులు ఆడిస్తూ కూర్చున్నాడు. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. నేను చెప్పిన ఆ మాట ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. ముసలమ్మల దగ్గర విన్నదే మెడలో స్టెతస్కోపు వేసుకుని చెప్పాను, అంతే. అప్పటినుంచి నాకు తెలియని విషయాన్ని వెతికి చదవడం నేర్చుకున్నాను. ఆ విద్యే ఇవాళ మీకు చెబుతాను. బి.కాం. చదివిన మీకు అది కష్టం కాదు.

అసలు ఏమిటీ చికిత్స?

ఏబీఏ అంటే అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్. ప్రవర్తనను విశ్లేషించి, ఆ తెలివిని మనిషి బాగుకోసం వాడే శాస్త్రం అన్నమాట. దీనిలో మూలసూత్రం మనందరికీ అనుభవమే. పిల్లవాడు కిరాణా కొట్టు ముందు కిందపడి ఏడుస్తాడు. నలుగురూ చూస్తున్నారని మీరు బిస్కట్ ప్యాకెట్ కొనిస్తారు. రేపు అదే కొట్టు ముందు మళ్ళీ పడతాడు. ఏడుపుకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం దొరికింది అన్న రెండూ జాగ్రత్తగా రాసుకుంటే, ఆ ఏడుపు ఎందుకో తెలుస్తుంది. తెలిశాక, ఏడవకుండా చెయ్యి చూపి అడగడం నేర్పి, అలా అడిగినప్పుడు ఇస్తారు. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా పిల్లవాడికి ఇష్టమైనది అందిస్తారు.

ఇందులో పాత ఉదాహరణ ఒకటి చెబుతాను. 1964లో మోంట్రోస్ వుల్ఫ్, టాడ్ రిస్లీ, హేడెన్ మీస్ అనే ముగ్గురు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మూడున్నరేళ్ళ పిల్లవాడి గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆటిజం ఉన్న ఆ బాబుకు శుక్లాలు వస్తే కళ్ళలోని కటకాలు తీసేశారు. కళ్ళజోడు పెట్టుకోకపోతే చూపు దెబ్బతింటుంది. వాడేమో జోడు దగ్గరికి రానివ్వడు. వాళ్ళేం చేశారంటే, ఉత్త ఫ్రేము చేతిలోకి తీసుకుంటే ఒక చిన్న తినుబండారం, ముఖం దగ్గరికి తెచ్చుకుంటే ఇంకొకటి, ఇలా మెట్టు మెట్టుగా నేర్పారు. చివరికి పిల్లవాడు రోజంతా జోడు పెట్టుకుని తిరిగాడు. ఆ చూపు నిలబడడానికి పనికివచ్చిన శాస్త్రం ఇది. కాబట్టి ఏబీఏ అంటేనే బూటకం అనుకోవద్దు. సంగతల్లా, ఏ పేరుతో, ఎంత, ఎవరు, ఏం హామీ ఇచ్చి అమ్ముతున్నారన్నదే.

ఈ రంగానికి ప్రత్యేకంగా 'జర్నల్ ఆఫ్ అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్' అనే పరిశోధనా పత్రిక 1968లో మొదలైంది. మొదటి సంవత్సరంలోనే బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు, ఈ శాస్త్రం ఎలా ఉండాలో ఒక వ్యాసంలో రాశారు. నేర్పేది ఆ మనిషి బతుకులో నిజంగా అవసరమైనదై ఉండాలనీ, వచ్చిన మార్పు కొలిచి చూపాలనీ, నేర్చుకున్నది ఆ గదిలోనే ఆగిపోకుండా బయట కూడా నిలవాలనీ వారు చెప్పిన మాటల సారాంశం. మీరు ఏ సెంటరుకు వెళ్ళినా ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఎక్కడ వెతకాలి?

మామూలుగా ఫోనులో వెతికితే ముందు వచ్చేవి ప్రకటనలు. డబ్బు కట్టినవాళ్ళ పేర్లే పైన ఉంటాయి. పరిశోధనల కోసం వేరే చోట్లు ఉన్నాయి.

మొదటిది పబ్‌మెడ్. అమెరికా ప్రభుత్వపు వైద్య గ్రంథాలయం వారిది. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. దానికి తోబుట్టువులాంటిది పబ్‌మెడ్ సెంట్రల్. అందులో వ్యాసం మొత్తం ఉచితంగా చదవడానికి దొరుకుతుంది. నేను పైన చెప్పిన పత్రిక 1968 మొదటి సంచిక నుంచి 2012 దాకా అందులో ఉంది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా నలభై ఐదేళ్ళ సంచికలు చదవవచ్చు.

రెండవది గూగుల్ స్కాలర్. మామూలు గూగుల్ వేరు, ఇది వేరు. ఒక వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో ఇది చూపిస్తుంది. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఒక వ్యాసం చెప్పినదాన్ని తర్వాత వచ్చినవాళ్ళు సమర్థించారా, కాదన్నారా అన్నది అక్కడే తెలుస్తుంది.

మూడవది కాక్రేన్ లైబ్రరీ. ఒక చికిత్స మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి, జల్లెడపట్టి, గట్టివేవో, తాలువేవో చెప్పే సమీక్షలు అందులో ఉంటాయి. ప్రతి సమీక్షకూ మామూలు మనుషులకు అర్థమయ్యే భాషలో సారాంశం ఉంటుంది. తీరిక లేనివాళ్ళు ముందుగా దీన్నే చూడండి.

వెతికేటప్పుడు రెండు మూడు చిట్కాలు పాటించండి. ఏబీఏ అని మూడక్షరాలు మాత్రమే కొడితే మొక్కల మీద వ్యాసాలు కుప్పలుగా వస్తాయి. మొక్కల్లో ఉండే ఒక హార్మోనుకు కూడా అదే పొట్టిపేరు. కనుక పూర్తి పేరు రాయండి. బిహేవియర్ అన్న మాటను అమెరికావాళ్ళు 'యు' అక్షరం లేకుండా రాస్తారు, మనం బడిలో 'యు' వేసి నేర్చుకున్నాం. ఈ పత్రికల్లో ఎక్కువ భాగం అమెరికావి. రెండు విధాలుగానూ వెతకండి.

ఇంకో సంగతి. చికిత్స పేరుతో కాక, మీ పిల్లవాడి ఇబ్బంది పేరుతో వెతికితే పనికివచ్చేవి దొరుకుతాయి. అయితే వాళ్ళ పరిభాష తెలియాలి. అన్నం తప్ప ఇంకేమీ ముట్టకపోతే 'ఫుడ్ సెలెక్టివిటీ' అంటారు. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం 'స్టీరియోటైపీ'. తల గోడకు కొట్టుకోవడం 'సెల్ఫ్ ఇంజురీ'. కావలసింది అడగడాన్ని 'మాండ్' అంటారు. పిల్లవాడు చటుక్కున వీధిలోకి పరుగెత్తడాన్ని 'ఎలోప్‌మెంట్' అంటారు. ఈ మాట చూసి మొదటిసారి నేనూ నవ్వాను. మనకు తెలిసిన ఎలోప్‌మెంట్ వేరు కదా!

పబ్‌మెడ్‌లో పక్కన కొన్ని గడులు ఉంటాయి. 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' అన్న గడిలో టిక్కు పెడితే ఉచితంగా చదవగలిగేవే మిగులుతాయి. 'సిస్టమాటిక్ రివ్యూ' అన్న గడిలో టిక్కు పెడితే సమీక్షలు మాత్రమే వస్తాయి. వందల వ్యాసాలు పది అవుతాయి.

కాగితం చేతికి రాకపోతే

కొన్ని వ్యాసాలు తెరవబోతే డబ్బు కట్టమంటాయి. ఒక్క వ్యాసానికి వేల రూపాయలు అడగడం కూడా కద్దు. కట్టకండి. సారాంశం ఎప్పుడూ ఉచితమే. మొత్తం కావాలంటే రచయితకు రెండు వాక్యాల మెయిలు రాయండి. ఎవరికి రాయాలో వ్యాసం మొదటి పేజీలోనే ఉంటుంది. 'నేను ఫలానా పిల్లవాడి తల్లిని, మీ వ్యాసం ప్రతి పంపగలరా' అంటే చాలామంది సంతోషంగా పంపుతారు. నాకు పంపారు.

ఇంకొక దారి కూడా ఉంది. 2025 జనవరి 1 నుంచి మన కేంద్రప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకం మొదలుపెట్టింది. దానికింద ప్రభుత్వ కాలేజీలకు, యూనివర్సిటీలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ బంధువుల్లో ప్రభుత్వ కాలేజీలో చదివే పిల్లలుంటే, కాలేజీలో కూర్చుని ఆ వ్యాసం చదివి అందులో ఏముందో చెప్పమనండి. వాళ్ళ చదువుకూ మంచిదే.

దొరికింది సరే, చదవడం ఎలా?

ఈ శాస్త్రంలోని వ్యాసాలు చూసి కొందరు డాక్టర్లు కూడా పెదవి విరుస్తారు. మందుల పరిశోధనల్లో వందల మంది రోగులుంటారు. ఇక్కడ ముగ్గురో నలుగురో పిల్లలుంటారు. దీనికి కారణం ఉంది. ఆస్పత్రిలో మంచం దగ్గర వేలాడే జ్వరం చార్టు మీరు చూసే ఉంటారు. మందు మొదలుపెట్టక ముందు నాలుగు రోజుల జ్వరం, మొదలుపెట్టిన తర్వాత జ్వరం పక్కపక్కన కనిపిస్తాయి. ఇక్కడా అంతే. ముందు కొన్ని రోజులు ఏమీ చేయకుండా పిల్లవాడి ప్రవర్తన లెక్కపెడతారు. తర్వాత నేర్పడం మొదలుపెట్టి లెక్కపెడతారు. కొన్నిసార్లు మధ్యలో ఆపి చూస్తారు. ఆపినప్పుడు పాత గీత మళ్ళీ పైకి లేచి, మొదలుపెట్టగానే మళ్ళీ దిగితే, ఆ మార్పు ఈ పద్ధతివల్లే వచ్చిందని నమ్మవచ్చు.

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ రాసిన వ్యాసం దీనికి మంచి ఉదాహరణ. పిల్లలు నలుగురే. పని కష్టమైనప్పుడో, పెద్దలు పట్టించుకోనప్పుడో అల్లరి చేసేవాళ్ళు. వాళ్ళకు ఆ సమయంలో 'నాకు రావడం లేదు, సాయం చెయ్యి' అన్న భావం వచ్చేలా అడగడం నేర్పారు. సరైన మాట నేర్పినప్పుడు అల్లరి తగ్గింది. అవసరంతో సంబంధం లేని మాట నేర్పితే తగ్గలేదు. నలుగురు పిల్లలతోనే ఎంత విషయం తేలిందో చూడండి.

అయితే ఒక జాగ్రత్త. ఈ పద్ధతి ఈ పిల్లవాడికి పనిచేసిందా అన్న ప్రశ్నకు చార్టు జవాబు చెబుతుంది. వారానికి నలభై గంటల చొప్పున రెండేళ్ళు చేస్తే ఎంతమంది పిల్లలు బాగవుతారు అన్న ప్రశ్నకు చార్టు చాలదు. దానికి ఎక్కువమంది పిల్లలు కావాలి, పోల్చి చూడడానికి ఇంకొక జట్టు కావాలి. ఏ పిల్లవాడు ఏ జట్టులో పడాలో చీట్లు వేసి తేల్చాలి. లేకపోతే తేలికగా నేర్చుకునే పిల్లలంతా ఒకవైపే చేరవచ్చు.

కనుక ఏ వ్యాసం చేతికొచ్చినా ఈ ఐదు ప్రశ్నలు వేయండి.

ఒకటి, ఎంతమంది పిల్లలు, ఎంత వయసువాళ్ళు?
రెండు, ఎవరితో పోల్చారు? చీట్లు వేశారా, లేక ఎవరికి వీలైతే వాళ్ళను తీసుకున్నారా?
మూడు, ఫలితం కొలిచినవాళ్ళకు ఏ పిల్లవాడు ఏ జట్టులో ఉన్నాడో ముందే తెలుసా?
నాలుగు, ఏం కొలిచారు? పరీక్ష మార్కులా, లేక పిల్లవాడు ఇంట్లో అడిగి అన్నం తినడమా?
ఐదు, రాసినవాళ్ళకు ఆ చికిత్స మీద ఆదాయం ఉందా?

ఐదో ప్రశ్న అమర్యాద కాదు. ఆటిజం చికిత్సల మీద వచ్చిన 150 వ్యాసాలను 2021లో కొందరు పరిశోధకులు పరిశీలించారు. దాదాపు 70 శాతం వ్యాసాల్లో రాసినవాళ్ళకు ఏదో ఒక విధమైన స్వప్రయోజనం కనిపించింది. ఆ సంగతి పూర్తిగా చెప్పుకున్నవి చాలా కొద్ది.

మీ ఫైలులోని 'సగం మంది'

ఇప్పుడు మీ ఫైలు సంగతికి వద్దాం. ఆ సగం మంది లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. 1987లో ఇవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ప్రచురించిన వ్యాసంలోది. 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల పైన, రెండేళ్ళకు పైగా శిక్షణ ఇచ్చారు. వారిలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి దాటారు, తెలివితేటల పరీక్షలో సగటు మార్కులు తెచ్చుకున్నారు. తొమ్మిది బై పంతొమ్మిది అంటే 47 శాతం. పోల్చి చూసిన రెండు జట్లలో 40 మంది ఉంటే, ఒక్కరే ఆ స్థాయికి వచ్చారు.

వింటే ఎంత బాగుంది! ఇప్పుడు మన ప్రశ్నలు వేయండి. పిల్లలు 19 మందే. చీట్లు వేయలేదు. శిక్షకులు దొరికినదాన్నిబట్టి పిల్లలను జట్లుగా చేశారు. పైగా ఆ రోజుల్లో పిల్లలను గట్టిగా 'నో' అని కసరడం, ఒక్కోసారి తొడమీద చరచడం కూడా ఆ చికిత్సలో భాగమే. ఈ సంగతి ఆ వ్యాసంలోనే ఉంది. మీకు చూపించిన ఫైలులో ఆ పేజీ ఉందో లేదో చూడండి.

తర్వాత ఏమైంది? 2000 సంవత్సరంలో ట్రిస్ట్రామ్ స్మిత్, మరి ఇద్దరు 28 మంది పిల్లలతో ఈసారి చీట్లు వేసి చూశారు. ఈ స్మిత్ లోవాస్‌తో కలిసి పనిచేసినవాడే, పరాయివాడు కాడు. శిక్షణ ఎక్కువ పొందిన పిల్లలకు తెలివితేటల పరీక్షలో, చదువులో లాభం కనిపించింది. అయితే 1987లో చెప్పినంత కాదు. రోజువారీ పనుల్లోనూ, అల్లరి తగ్గడంలోనూ రెండు జట్ల మధ్య తేడా తేలలేదు.

2018లో కాక్రేన్ వారి సమీక్ష కొత్తగా వచ్చింది. వారి జల్లెడలో మిగిలినవి ఐదు పరిశోధనలే. అన్నీ కలిపి 219 మంది పిల్లలు. చీట్లు వేసింది అందులో ఒక్కటే. కొందరు పిల్లలకు మేలు జరగవచ్చు గాని సాక్ష్యం బలహీనంగా ఉందని వారు తేల్చారు.

ఇక నలభై గంటల మాట. మీ గాజులకు ముప్పు దీనివల్లే కదా. చిన్నపిల్లల ఆటిజానికి ఇచ్చే రకరకాల శిక్షణల మీద 144 పరిశోధనలను, 9,038 మంది పిల్లల వివరాలను కలిపి చూసిన వ్యాసం 2024లో అమెరికాలో పిల్లల వైద్యానికి సంబంధించిన ఒక పెద్ద పత్రికలో వచ్చింది. గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని వారు రాశారు. దీని అర్థం శిక్షణ వద్దని కాదు. నలభై గంటలు ఇప్పించలేని తల్లి తన బిడ్డకు ద్రోహం చేస్తున్నట్లు కాదని.

ఇంకో మాట కూడా వినాలి. ఆటిజంతోనే పెరిగి పెద్దవాళ్ళైన కొందరు, చిన్నప్పుడు తమ మీద జరిగిన ఇలాంటి శిక్షణ గురించి ఇవాళ తామే రాస్తున్నారు. కళ్ళలోకి చూడమని, చేతులు ఆడించవద్దని గంటలకొద్దీ బలవంతం చేశారని వాళ్ళ బాధ. చేతులు ఆడిస్తే ఎవరికీ నష్టం లేదు. వీధిలోకి పరుగెత్తితే ప్రమాదం. ఏది మార్చాలో, ఏది వదిలేయాలో తల్లిగా మీరు కూడా చెప్పాలి.

అచ్చయినదల్లా నిజం కాదు

1998లో లాన్సెట్ అనే పేరుమోసిన వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి ఒక వ్యాసం వచ్చింది. తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని ప్రపంచమంతా భయపడింది దానివల్లే. పన్నెండేళ్ళు గడిచాక, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కు తీసుకుంది. ఆ భయంతో టీకాలు మానేసిన తల్లులు నాకు ఈనాటికీ ఎదురవుతున్నారు. ఇలా వెనక్కు తీసుకున్న వ్యాసాలకు పబ్‌మెడ్‌లో పైనే హెచ్చరిక కనిపిస్తుంది. తప్పక చూడండి. డబ్బు పుచ్చుకుని ఏది పంపితే అది అచ్చువేసే పత్రికలు కూడా ఈ రోజుల్లో బోలెడున్నాయి.

ఈ మధ్య ఒక తండ్రి నా దగ్గరికి ఎనిమిది వ్యాసాల పట్టీ తెచ్చాడు. ఫోనులో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ ఇచ్చిందట. రచయితల పేర్లు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా ముత్యాల్లా ఉన్నాయి. ఇద్దరం కూర్చుని వెతికాం. ఆరు దొరికాయి. రెండు ఎక్కడా లేవు! ఆ యంత్రం చదివి పెట్టడానికి, తెలుగులో అర్థం చెప్పడానికి పనికివస్తుంది. సాక్ష్యం చెప్పడానికి మాత్రం పనికిరాదు. అది చెప్పిన ప్రతి వ్యాసమూ పబ్‌మెడ్‌లోనో, పత్రిక పేజీలోనో మీ కళ్ళతో చూశాకే నమ్మండి.

ఇక మీ బాబు సంగతి

పిల్లవాడిని చూడకుండా నేను చికిత్స రాయను. కాని ఈ నెలలో మీరు చేయదగిన పనులు చెబుతాను.

మొదటిది, గాజులు బీరువాలోనే ఉంచండి.

రెండవది, బాబును జిల్లా ఆస్పత్రికి తీసుకువెళ్ళి, అక్కడ చిన్నపిల్లల ఎదుగుదల లోపాల కేంద్రం ఉందేమో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చాలా జిల్లాల్లో ఇవి ఏర్పాటయ్యాయి. సేవలు ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ కూడా ఉంది. దాని పొట్టిపేరు ఇప్పుడు నీపిడ్. ఒకసారి అక్కడ చూపించి, ఇంట్లో మీరేం చేయాలో నేర్చుకుని రండి. చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో పరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి.

మూడవది, ఇంట్లో మీరు చేసేదానికీ విలువ ఉందని తెలుసుకోండి. 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో మన గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. ఇది ఏబీఏ కాదు, వేరే పద్ధతి. పిల్లలు 65 మంది, రెండు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళు. చీట్లు వేసే చూశారు. నేర్పింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. నేర్చుకున్నది తల్లిదండ్రులు. పిల్లవాడు దేన్ని చూస్తే దాని గురించే మాట్లాడడం, వాడి వేగానికి తగ్గట్టు స్పందించడం వాళ్ళకు అలవాటైంది. పిల్లలు తమంతట తాము తల్లితో సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది.

నాలుగవది, ఆ సెంటరుకు మళ్ళీ వెళ్ళండి. పోట్లాటకు కాదు. ఐదు ప్రశ్నల కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళండి. 'మా బాబుకు ముందుగా ఏం నేర్పుతారు? ఎలా లెక్కపెడతారు? చార్టు నాకు చూపిస్తారా? నేను పక్కన కూర్చోవచ్చా? మూడు నెలల్లో మార్పు లేకపోతే ఏం చేస్తారు?' అని అడగండి. చక్కగా జవాబు చెప్పి, వారానికి మీరు భరించగలిగిన కొద్ది గంటలతో మొదలుపెడతామంటే మంచివాళ్ళే అనుకోండి. నయమైపోతుందని హామీ ఇచ్చేవాళ్ళను, మిమ్మల్ని గదిలోకి రానివ్వనివాళ్ళను, పిల్లవాడిని కొట్టేవాళ్ళను, ఆకలితో ఉంచేవాళ్ళను మాత్రం ఆ రోజే వదిలేయండి.

నేను మొదట చెప్పిన ఆ కుర్రవాడికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. మాటలు పెద్దగా రాలేదు. కాని కావలసింది ఫోనులో బొమ్మ చూపించి అడుగుతాడు. స్నానం తనే చేస్తాడు, తండ్రి కొట్లో పొట్లాలు కడతాడు. మొన్న వచ్చినప్పుడు నా బల్ల మీది పెన్ను బొమ్మ చూపించాడు. ఇచ్చాను. జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళు నేను వృథా చేయకపోతే వాడు ఇంకెంత నేర్చుకునేవాడో నాకు తెలియదు. అందుకే, అమ్మా, నా మాటను కూడా వెతికి చూసుకోమంటున్నాను. ఈ వ్యాసంలో నేను చెప్పిన సంవత్సరాలు, అంకెలు అన్నీ పబ్‌మెడ్‌లో పెట్టి చూడండి. ఎక్కడైనా నేను పొరపాటు పడినట్లు కనిపిస్తే నాకు ఉత్తరం రాయండి. ఈ శీర్షికలోనే ఒప్పుకుంటాను.